మాలకొండమ్మ మీద దురాయి

కిందటి వారం వినీలను ఉప్పుదిన్నెపాలెం పొలిమేరలో, కారు దిగి దిక్కులు చూస్తుండగా వదిలేశాం. ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు.

వినీలది కోవూరు దగ్గర వరి పండించే ఇల్లు. లండన్‌లో పుట్టి ఇరవై రెండు నగరాల్లో ఆఫీసులు తెరిచిన ఒక పెద్ద లా కంపెనీలో, సింగపూర్ శాఖలో నాలుగేళ్ళుగా లాయరు. మూడు నెలల కిందట ఈ పాలెం నుంచి వేటకు వెళ్ళిన పడవ ఒకటి మునిగింది. అందులో ఉన్నది ఇద్దరే. చిన్నా అనేవాడు ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. హజరత్తయ్య రాలేదు. ఓడ గుద్దిందని మొదట ఏడ్చిన చిన్నా, వారం తిరిగేసరికి గాలివాన అని మాట మార్చాడు. ఆ ఓడ కంపెనీకి లాయర్లు వినీల వాళ్ళే. "మా ఓడ ఆ దరిదాపుల్లో లేదు. అయినా మీ ఊరి మీద అభిమానం కొద్దీ జెట్టీ కట్టిస్తాం. పడవ గాలివానకు మునిగిందనీ, హజరత్తయ్య చనిపోయాడనీ ఇంటికొక సంతకం పెట్టండి" అన్నది ఒప్పందం. ఊరంతా పెట్టింది. హజరత్తయ్య భార్య మాలకొండమ్మ పెట్టలేదు. దాంతో ఊరి కాపులు, అంటే పెద్దలు, ఆమె మీద దురాయి వేశారు. దురాయి అంటే కాపులు కలిసి వేసే కట్టడి. సముద్రం ఒడ్డున అది దాటే మగాడు లేడు.

ఆ ఒక్క సంతకం సాయంత్రం నాలుగు లోపు సింగపూర్ చేరాలి. ఇప్పుడు ఒంటిగంటన్నర.

పోలేరయ్య మాలకొండమ్మ ఇల్లయితే చూపించాడు గాని ముప్పై అడుగుల దూరంలోనే ఆగిపోయాడు. ఊరి కాపుల్లో పెద్ద ఆయనే. భుజం మీద ఎర్ర తువ్వాలు, కిందికి దించిన తల. ఊరిని శాసించే మనిషని ఎవరూ అనుకోరు.

"అదేనమ్మా ఇల్లు. మేం ఆ గడప తొక్కకూడదు. నువ్వు బయటి మనిషివి, నీకేం లేదు."

"ఎన్నాళ్ళయింది పోలేరయ్య గారూ?"

"ఈ పొద్దుకు పదకొండు."

ఆ అంకె చెప్పి ఆయన వెనక్కి తిరిగాడు. వినీల సంచి సర్దుకుని ముందుకు నడిచింది. ఆమె ఉద్యోగంలో రోజును ఆరేసి నిమిషాల ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎవరి పనికి పోయిందో రాయాలి. అలవాటు కొద్దీ గడియారం చూసుకుంది. ముగ్గురు చేయలేని పని రెండు ముక్కల్లో ముగించిందని పేరున్న పిల్ల. ఈ పని ఐదు ముక్కల్లో అయిపోతుందని లెక్క వేసుకుంది.

గుమ్మంలోకి అడుగు పెట్టిందో లేదో మాలకొండమ్మ ఎదురు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"రామ్మా, రా. ఎండన పడి వచ్చినావు. గంగా, చాప వెయ్యమే. ఈడ కూకో, ఈడ గాలి వస్తాది. నీదేవూరు? కోవూరా! ఆడ మా పెద్దమ్మ కూతుర్నిచ్చినారు, రైలు గేటు కాడ. అన్నం తిన్నావా? నీళ్ళు కొంచెం ఉప్పగుంటాయి, ఏమనుకోబాక. పెళ్ళయిందా? అమ్మా నాయనా బాగుండారా? ఈ ఏడు వరి ఎట్టా పండింది మీకు?"

ఒక్క ప్రశ్నకు జవాబు వినకుండా ఇంకొకటి. వినీల సంచిలోంచి ఒప్పందం తీస్తే, "ఉండమ్మా, దానికేం తొందర" అని పక్కకు నెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. తన పెళ్ళి, మేకకు వచ్చిన దగ్గు, కార్తీకంలో వచ్చిన పోటు, అన్నీ చెప్పింది. మొగుడు పోయిన మనిషి ఇంత వాగుడుకాయేమిటని వినీలకు చిరాకు పుట్టింది. ఒక ముక్క గడిచింది, రెండు గడిచాయి.

మూల కూర్చున్న తొమ్మిదేళ్ళ కూతురు గంగాభవాని అప్పుడు మెల్లగా అంది.

"అమ్మతో పదకొండు రోజుల్నుంచి ఎవురూ మాట్లాళ్ళా అక్కా. నేనూ మేకా, అంతే."

మాలకొండమ్మ నోరు టక్కున ఆగిపోయింది. పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

తర్వాత సంగతులు ఒక్కొక్కటే వచ్చాయి. వీధి కుళాయి ముట్టకూడదు, అందుకని తల్లీ కూతుళ్ళు ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్ళే తాగుతున్నారు. కొట్లో ఉప్పు కూడా ఇవ్వరు. బళ్ళో గంగాభవాని బెంచీ మీద మిగతా పిల్లలు లేచి వెనక్కి వెళ్ళిపోయారు. మొన్న పిల్లకు జ్వరం వస్తే ఆటో అతను తల అడ్డంగా ఊపి బండి తిప్పుకున్నాడు. అతను హజరత్తయ్యకు చిన్నప్పటి స్నేహితుడు.

"మీ కాపులు ఇంత కఠినంగా ఉంటారనుకోలేదక్కా" అంది వినీల.

"మా కాపులా?" మాలకొండమ్మ విచిత్రంగా చూసింది. "దురాయంటే ఏందనుకున్నావమ్మా? ఫలానా రోజు వేటకు పోగూడదు, సన్నకన్ను వల వెయ్యగూడదు, తాగి గుళ్ళోకి రాగూడదు. అంతే. మనిషిని పక్కన పెట్టడం మా నాయన కాలంలో గూడా ల్యా. పోలేరయ్య మామ పందిట్లో ఏడుస్తానే చెప్పినాడు. 'కంపెనీ కాగితంలో రాసుండాదమ్మా, ఎవురన్నా ఒంటరిగా నిలబడితే ఊరే వాళ్ళని పక్కన పెట్టాలంట. లాయర్లు రాసినారు. పెట్టకపోతే జెట్టీ రాదు' అని."

"ఆ మాట ఒప్పందంలో లేదక్కా. నాలుగు పేజీలూ రాసింది నేనే. ఎక్కడా లేదు!"

"ఉండాదంట. బళ్ళో అయ్యోరు చదివి చెప్పినాడంట."

వినీలకు ఏదో తట్టబోయి తట్టలేదు. మాలకొండమ్మ లేచి, దేవుడి పటం వెనక నుంచి మడతపెట్టిన కాగితాలు తీసింది. రెండు పేజీలు. నూనె మరకలు, ఎండుచేపల వాసన.

"ఆదిశేషమ్మత్త, పోలేరయ్య మామ పెళ్ళాం, పోయిన శనివారం మా దడి పక్కన నడస్తా నడస్తా పొట్లం జారవిడిచి పోయింది. ఎండు నెత్తళ్ళ చేపలు. నాతో మాట్లాడకూడదు, చేతికియ్యకూడదు. జారవిడవకూడదని దురాయిలో ల్యా కదా!" అని మొదటిసారి నవ్వింది. "ఆ పొట్లం కట్టిన కాగితాలివి. పారెయ్య బుద్ధి కాలా. ఇంగిలీసు నాకు రాదు గానీ ఆధార్ కార్డులో నా పేరెట్టా ఉంటాదో తెలుసు. ఇదిగో, ఈడ నా పేరుండాది. ఏం రాసినారో అడుగుదామంటే నాతో మాట్లాడే మడిసే లేకపోయె. దేవుడు పంపించినట్టు నువ్వొచ్చినావు. చదివి చెప్పమ్మా. నిజం తెలిసినాక సంతకం సంగతి చూద్దాం."

వినీల కాగితం అందుకుంది. మొదటి లైను దగ్గరే గుర్తుపట్టింది.

అది ఆమె రాసిందే.

వినీల పనిచేసే లా కంపెనీలో ప్రతి పెద్ద కేసుకూ ఒక 'స్థానిక మనిషి' ఉంటాడు. ఆఫ్రికా గనుల కేసైతే ఆఫ్రికా పిల్లాడు, నెల్లూరు తీరం కేసైతే నెల్లూరు పిల్ల. మీటింగులో అందరూ తన వైపు తిరిగి 'అక్కడ ఎలా ఉంటుంది?' అని అడుగుతుంటే వినీలకు ఎంత గర్వంగా ఉండేదో! కోవూరు వరి చేలలో పెరిగిన పిల్లకు సముద్రం సంగతి ఏం తెలుసు? అమ్మమ్మ చెప్పిన కబుర్లు, ఇంటర్నెట్లో చదివిన రెండు వ్యాసాలు. తెలియదని చెప్పే అలవాటు ఆ భవనంలో ఎవరికీ లేదు. దాంతో రెండు పేజీల సలహా రాసి పారేసింది. 'ఈ ఊళ్ళలో దురాయి అనే ఆచారం ఉంది. ఒక్కొక్కరినీ ఒప్పించనక్కరలేదు, కాపులు ఒప్పుకుంటే చాలు. మాలకొండమ్మ అనే వితంతువు ఎదురు తిరగవచ్చు. ఎవరైనా ఒంటరిగా నిలబడితే ఊరే వాళ్ళను పక్కన పెడుతుంది. కుళాయి, కొట్టు, పలకరింపు, అన్నీ ఆగిపోతాయి. మన కంపెనీ వేలు కూడా కదపక్కర్లేదు.'

ఆమె పై లాయరు, కంపెనీలో భాగస్వామి అయిన వనజాక్షి, ఆ చివరి వాక్యానికి పసుపు రంగు పూసి 'అద్భుతం. నిన్ను పెట్టుకున్నది ఇందుకే' అని తిరుగు మెయిలు పెట్టింది. ఆ రోజు వినీల భూమ్మీద నడవలేదు.

మరి ఇది ఇక్కడికెలా వచ్చింది? తెలుగు ఒప్పందాన్ని నెల్లూరులో వకీలు నరేంద్రబాబుకు పంపినప్పుడు, కింద వేలాడుతున్న పాత మెయిళ్ళ తోకను కత్తిరించకుండా మొత్తం అలాగే పంపింది. ఇరవై నాలుగు గంటలుగా నిద్రలేని చెయ్యి, ఒక్క నొక్కు. నరేంద్రబాబు గుమాస్తా వచ్చినవన్నీ అచ్చు తీసి ఒకే పిన్ను కొట్టి కాపులకు ఇచ్చాడు. కాపులు ఆ సలహాను షరతు అనుకున్నారు. వాళ్ళు చేయని పని, వాళ్ళకు చేతకాని పని, వాళ్ళ చేత ఈ కాగితం చేయించింది.

"ఒక్క నిమిషం అక్కా" అని వినీల దడి బయటికి వచ్చి సింగపూర్‌కు ఫోను చేసింది. ఆ కంపెనీలో అందరూ అందరినీ పేరు పెట్టి పిలవాలని నియమం. నెల్లూరు పిల్ల నోటికి అది ఎప్పటికీ రాలేదు.

"మేడమ్, మన సలహా కాగితం ఆవిడ దగ్గరుంది. తప్పు నాదే. తోక కత్తిరించలేదు."

వనజాక్షిదీ నెల్లూరే, ములాపేట. కోపం వస్తే గొంతు ఇంకా మెత్తబడుతుంది.

"ఆవిడకు ఇంగ్లిష్ వచ్చా?"

"రాదు."

"అయితే ఏమీ కాలేదు. అది మన రహస్యపత్రం, చట్టప్రకారం మనది. తీసుకుని సంచిలో పెట్టుకో. చదవద్దు. సంతకం తీసుకుని బయల్దేరు."

"మేడమ్, ఊళ్ళో ఆవిడకు నీళ్ళు కూడా ఇవ్వట్లేదు. నేను రాసినందుకే..."

"సంతకం అయితే నీళ్ళిస్తారు. నువ్వు ఆవిడకు చేయగల మేలు అదొక్కటే." గొంతు మరీ మెత్తబడింది. "వినీలా, వచ్చే నెల ప్రమోషన్ల జాబితాలో నీ పేరు ఉంది. నేనే పెట్టాను. ఏడవకుండా పని పూర్తి చెయ్యి."

వినీల లోపలికి వచ్చింది. కుడితిలో పడ్డ ఎలుక కూడా అంత కొట్టుకోదు. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ పరీక్ష ఫలితం కోసం కూర్చున్నట్టు చాప మీద కూర్చుని ఉన్నారు.

"ఏం రాసుండాది?"

అబద్ధం చాలా నున్నగా వచ్చింది. "మామూలు కాగితమే అక్కా. మీ ఆయన్ని పోగొట్టుకుని మీరు చాలా కష్టంలో ఉన్నారని, మిమ్మల్ని జాగ్రత్తగా చూసుకోవాలని రాశారు."

మాలకొండమ్మ మొహం వెలిగిపోయింది. "నిజమా? సముద్రం అవతల ఎవురో నా గురించి అట్టా రాసినారా? గంగా, విన్నావామే? మనల్ని కనిపెట్టుకోని ఒకళ్ళుండారంట!" కాగితాన్ని కళ్ళకద్దుకుంది. "ఆ రాసిన తల్లి చల్లంగుండాల. ఇట్టియ్యమ్మా ఒప్పందం. యాడ పెట్టాల సంతకం?"

కలం ఆమె వేళ్ళ మధ్యకు వచ్చేసింది. ఒక్క గీత చాలు. ఉద్యోగం నిలబడుతుంది, కుళాయి తెరుచుకుంటుంది, బెంచీ మీదికి పిల్లలు తిరిగొస్తారు. వినీల ఆ చేతినే చూస్తూ కూర్చుంది. 'చల్లంగుండాల' అన్న మాట చెవిలో సీసం పోసినట్టు అయింది. ఆమె చటుక్కున ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దక్కా. నేను అబద్ధం చెప్పాను."

చదివింది. మొదటి పేజీ మొదటి లైను నుంచి, ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పింది. కుళాయి మాటా చదివింది. పసుపు పూసిన వాక్యమూ చదివింది. చివర, "ఇది రాసింది నేనే. ఎవరూ చెప్పలేదు, నేనే తెలివి అనుకుని రాశాను. మీకింత చేసింది నేనే" అంది. ఏడ్చే హక్కు కూడా తనకు లేదనిపించి పెదవి కొరుక్కుంది.

అంతసేపూ గలగల్లాడిన మాలకొండమ్మ తిట్టలేదు, కొట్టలేదు. లేచి, వినీల తాగిన గ్లాసు తీసుకెళ్ళి దడి అవతల బోర్లించి వచ్చింది. ఆమె వైపు చూడకుండా కూతురి వైపు తిరిగింది.

"గంగా, ఆమెను అడుగు. లోపల కూసోని నాకు చదివినట్టు, పందిట్లో కాపుల ముందర చదువుతాదా?"

గంగాభవాని బెదురుగా వినీలను చూసింది. "అక్కా, అమ్మ అడగతా ఉండాది..."

"చదువుతానని చెప్పు" అంది వినీల. ఆ మాటతో నాలుగేళ్ళ ఉద్యోగం, వచ్చే నెల జాబితా, బహుశా నల్లకోటు కూడా పోతాయని ఆమెకు స్పష్టంగా తెలుసు. కక్షిదారు రహస్యం బయటపెట్టిన లాయరుకు ఏ దేశంలోనూ పీట వేయరు. తెలిసే లేచింది.

గంగమ్మ గుడి ముందు తాటాకు పందిట్లో కాపులు ఐదుగురూ సంతకం కోసం ఎదురుచూస్తున్నారు. ముందు వినీల, వెనక పది అడుగుల దూరంలో మాలకొండమ్మ, కూతురు. వాళ్ళను చూసి వలలు బాగుచేస్తున్న మగవాళ్ళు తలలు పక్కకు తిప్పుకున్నారు. ఆడవాళ్ళు తలుపుల చాటుకు పోయారు. ఆదిశేషమ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడింది.

"లాయరమ్మా, ఆ ఇంటి తరఫున మాట్లాడితే నీకూ దురాయి తగలతాది" అన్నాడు పోలేరయ్య బతిమాలుతున్నట్టు.

"తగలనివ్వండి. ఇది షరతు కాదు పోలేరయ్య గారూ. నేను మా పైవాళ్ళకు రాసిన సలహా. మీకు పంపకూడదు, పొరపాటున పంపాను. మాలకొండమ్మను పక్కన పెట్టమని ఏ ఒప్పందంలోనూ లేదు."

జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఆమె తీయలేదు. రెండు పేజీలూ పందిట్లో చదివేసరికి మూడు దాటి పావుగంట అయింది. వింటున్నంతసేపూ పోలేరయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు.

"అంటే... ఎవురూ చెప్పకుండానే మా బిడ్డకు మేమే నీళ్ళు ఆపినామా?" అన్నాడు చివరికి. ఆయన నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఒక మడత తీశాడు. "ఆ పిన్నులోదే అమ్మా, ఇంకో కాగితం. అయ్యోరికి అర్థం కాలా, అంకెలే ఉండాయన్నాడు. పైన ఓడ బొమ్మ ఉంటే ఎందుకన్నా మంచిదని దాచిపెట్టినా. ఇది గూడా నువ్వు రాసిందేనా?"

వినీల ఆ కాగితం ఎప్పుడూ చూడలేదు. వనజాక్షి మెచ్చుకుంటూ పంపిన మెయిలుకు ఏదో అతికించి ఉండటం గుర్తుంది. అద్భుతం అన్న మాట చదివిన సంతోషంలో అది తెరవనే లేదు. ఓడ కంపెనీ ముద్ర. ఓడలో ఏ నిమిషానికి ఏం జరిగిందో రాసుకునే పుస్తకంలోంచి ఒక పేజీ. తేదీ పడవ మునిగిన రోజుదే. దరిదాపుల్లో లేదన్న ఓడ, తెల్లవారి ఐదూ నలభైకి సరిగ్గా ఇక్కడే ఉంది. అంటే మేడమ్‌కు మొదటి నుంచీ తెలుసు!

"ఏముండాది?" అన్నాడు పోలేరయ్య.

వినీల పైకి చదవడం మొదలుపెట్టింది. "ఐదూ నలభై. ముందు భాగానికి ఏదో తగిలింది. చిన్న పడవ. ఐదూ నలభై ఏడు. నీళ్ళలో ఇద్దరు మనుషులు. ఒకడు ఒడ్డు వైపు ఈదుతున్నాడు."

పందిరి బయట గుంపులో నిలబడ్డ చిన్నా రెండు చేతులతో మొహం కప్పుకుని కిందికి జారిపోయాడు. వినీల తర్వాతి లైను చూసింది. ఇంకోసారి చూసింది. లైను కింద వేలు పెట్టి చదివింది.

"ఆరూ పది. రెండోవాడిని ఓడ మీదికి ఎక్కించాం. స్పృహ ఉంది."

పేజీ అక్కడితో అయిపోయింది.

మాలకొండమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఎవరూ పక్కకు తప్పుకోమని అనలేదు. వినీల రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. ఇందాకటి నుంచి ఆమె వైపు చూడని కళ్ళు ఇప్పుడు ఆమె కళ్ళలోనే ఉన్నాయి.

"సచ్చిపోయినాడని నా చేత సంతకం పెట్టించబోయినావే! యాడుండాడు నా మొగుడు? ఆ ఓడ యాడికి తీసకపోయింది?"